మూడుసార్లు అరిచిన పాట

కళ్ళద్దాల కొట్టు
జూన్ 4

బావా,

ఫోనెత్తవు. నాలుగు రోజుల్లో పదకొండుసార్లు చేశాను. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. ఆ వేలు పెట్టుకుని నేనేం చేసుకోను? అందుకే కొట్లో జనం లేని వేళ చూసి, అద్దాల కొలతలు రాసుకునే కాగితాల వెనకవైపు ఇది రాస్తున్నాను. దీనికైనా జవాబు రాయకపోతే నేరుగా వచ్చి నీ నెత్తిన కూర్చుంటాను.

సంగతి ఇది. మనవాళ్ళ అయిదు రికార్డులూ మళ్ళీ వేశారు. గొళ్ళెం బ్యాండు విడిపోయిన ఇన్నేళ్ళకి కంపెనీ వాళ్ళకి ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. నల్లటి పెట్టె, లోపల అయిదు రికార్డులు, ఇటుకంత బరువున్న బొమ్మల పుస్తకం. రెండు పెట్టెలు కొన్నాను. నీది పార్సిల్లో వస్తోంది. థాంక్స్ చెప్పకు, ముందు నా ఏడుపు విను.

మూతమీద ‘మునుపెన్నడూ వినని స్పష్టత’ అని బంగారు అక్షరాలతో వేశారు. మునుపెన్నడూ విననిది నాకెందుకు? నాకు మునుపు విన్నదే కావాలి. మొదటి రికార్డు ‘తుప్పు’ పెట్టాను. పెళ్ళి ఫొటోకి అడ్డొచ్చి నిలబడే చుట్టంలా డ్రమ్ములు ముందుకొచ్చేశాయి. గాయకుడు మొదటి మాట ఎత్తుకునే ముందు గట్టిగా ఊపిరి పీల్చేవాడు, గుర్తుందా? అది తీసేశారు. శుభ్రం చేశారట. ఊపిరి మురికెలా అవుతుందో నాకర్థం కాలేదు.

రెండోది, ‘మెట్ల కింద గది’. చివరి పాట అయిపోయాక మనిద్దరం కాసేపు నోరెత్తకుండా కూర్చునేవాళ్ళం. ఇప్పుడు కూర్చోనివ్వరు. పాట ఆగీ ఆగకముందే ‘అదనపు కానుక’ అంటూ అదే పాటని సగం సగం వాయించిన ఏడు ముక్కలు తగిలించారు. అప్పట్లో వాటిని ఎందుకు పారేశారో వింటుంటేనే తెలిసిపోతోంది. ఇక పుస్తకానికి ముందుమాట గాయకుడే రాశాడు. “అప్పుడు మేం కుర్రకారు, ఏదో తెలిసీ తెలియక చేసేశాం” అంటాడు. వాళ్ళు తెలిసీ తెలియక చేసినదాన్ని పట్టుకుని ముప్పై ఏళ్ళు బతికాను కదా, మరి నేనేమైనట్టు?

మూడోదాని గురించి మాత్రం నేను చెప్పను. ‘రద్దయిన రైలు’, రెండో వైపు, రెండో పాట. అక్కడ ఏం చేశారో నువ్వే విని రాయి. నీకు విడమరచి చెప్పక్కర్లేదు, విన్న మరుక్షణం తెలుస్తుంది. ఆ రోజు నాకు భోజనం సయించలేదు.

పార్సిలు చెల్లి ఇంట్లో లేనప్పుడు విప్పు. గొళ్ళెం పేరెత్తితే దానికి ఒళ్ళుమంట అని నీకు తెలుసుగా.

నీ బావ
(ఇప్పటికీ ‘ఒరే’ అనే రాయాలనిపిస్తుంది. చెల్లినిచ్చి పెళ్ళి చేశాక అలా పిలవకూడదని అమ్మ ఒట్టు వేయించుకుంది, ఏం చేస్తాను.)


ప్రెస్సు, మెషిన్ల గది
జూన్ 19

బావా,

పెట్టె చేరింది. ఆ పుస్తకం ఎవరు అచ్చేశారోగాని వాళ్ళ చేతులకి దండం పెట్టాలి. నలుపు అంత నిండుగా పడాలంటే సిరా ఒక్కసారి వేస్తే చాలదు, రెండుసార్లు వేసుంటారు. కాగితం కూడా చవకది కాదు, పేజీ తిప్పుతుంటే వేలికి తెలుస్తోంది. పదిహేడో పేజీలో మాత్రం ఎరుపు వెంట్రుకవాసి పక్కకి జరిగింది. పాపం డ్రమ్మరుకి నాలుగు పెదాలొచ్చాయి. మా ప్రెస్సులో నేనిలాంటిది వదిలితే యజమాని నన్ను వదలడు. కుట్టు బాగుంది, పుస్తకం పూర్తిగా తెరుచుకుంటుంది, వెన్ను విరగదు.

పాటలూ బాగున్నాయి. పాతవేగా, ఎక్కడికి పోతాయి? నువ్వు ప్రతిదానికీ ఈకలు పీకుతావు. ఊపిరి పోతే పోనీ, మిగతా పాటంతా ఉందిగా.

‘రద్దయిన రైలు’ విన్నాను. నువ్వు భోజనం మానేసేంత ఘోరం నాకేం కనిపించలేదు. “తలుపు తీయ్” అని మూడుసార్లు అరిచేచోట ఎప్పటిలాగే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మొదటి రెండూ కోపం, మూడోది బతిమాలడం. పాటంతా ఆ మూడో అరుపులోనే ఉందని నువ్వే కదా అనేవాడివి? అది చెక్కుచెదరలేదు. నీకే వయసు మీదపడి చెవులు మొరాయిస్తున్నట్టున్నాయి.

ఫోనంటావా, ప్రెస్సులో మోత, ఇంట్లో సిగ్నల్ ఉండదు. ఇలా రాసుకోవడమే బాగుంది. ఫోన్లో అయితే ఎటూ నువ్వొక్కడివే మాట్లాడతావు.

మీ చెల్లెలు బాగానే ఉంది.

బావ


కళ్ళద్దాల కొట్టు
జూన్ 27

ఒరే,

ఒట్టు లేదు గిట్టు లేదు. బావా అనే ఓపిక నాకిప్పుడు లేదు.

పాటల గురించి రాయమంటే కాగితం గురించి రాస్తావా? సిరా, కుట్టు, వెన్ను, డ్రమ్మరు పెదాలు! నేను పెట్టె పంపింది పుస్తకం చూడమనా? పోనీ, నీ వృత్తి పిచ్చి నీది అనుకుని చదువుతూ పోతే, మూడు అరుపులట, మూడోది చెక్కుచెదరలేదట!

ఒరే, ఈ పెట్టెలో ఆ అరుపు ఒక్కసారే ఉంది. ఒకే ఒక్కసారి. “తలుపు తీయ్” అంటాడు, వెంటనే గిటార్ అందుకుంటుంది. మిగతా రెండూ కత్తిరించి పారేశారు. నాకు భోజనం సయించనిది అందుకే. దానిమీద కంపెనీకి ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను. మూడోదాంట్లో ఏం తిట్టానో ఇక్కడ రాయను. నువ్వు కూడా అగ్గిమీద గుగ్గిలమవుతావనుకుని ఎదురుచూస్తుంటే, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయంటావా?

రికార్డులు బయటికి తీయనేలేదు, పుస్తకం తిరగేసి ఊరుకున్నావు అనుకున్నాను. అంతలో మొన్న చెల్లి ఫోన్ చేసింది. దాని మాటల్లోనే రాస్తున్నాను. “అన్నయ్యా, నువ్వు పంపిన ఆ దిక్కుమాలిన పెట్టె వచ్చినప్పట్నుంచీ ఈయన స్పీకరుకి చెవి అంటించుకుని కూర్చుంటున్నారు. ఇల్లు అదిరిపోయేంత సౌండు. పక్కింటి టీచరమ్మ రెండుసార్లొచ్చి తలుపు బాదింది. పిలిస్తే పలకరు. ఇవాళా నిన్నా సంగతి కాదులే, ఎన్నేళ్ళనుంచో ఇంతే. నామీద ఏం కోపమో నువ్వైనా అడిగి చెప్పు” అంది.

ఇప్పుడు నువ్వే చెప్పు. వినలేదంటే స్పీకరుకి చెవి ఎందుకు అంటించుకున్నావు? విన్నావంటే లేని అరుపులు ఎక్కడినుంచి వచ్చాయి? నాకో మా చెల్లికో, ఎవరికో ఒకరికి అబద్ధం చెబుతున్నావు. నాకు చెబితే క్షమిస్తాను. దానికి చెబితే ఊరుకోను.

అసలు దానితో ఎందుకు మాట్లాడటం లేదు?

నేను


ప్రెస్సు
జూలై 3

బావా,

పెట్టె తిరిగి పంపుతున్నాను. బాగా కట్టాను, మూలలు నలగవు. ఇకమీద ఏ రికార్డులూ నాకు పంపకు. యాభై దాటాయి, ఒక అరుపు ఉందా రెండున్నాయా అని లెక్కపెట్టుకునే తీరిక నాకు లేదు.

మీ చెల్లెలికీ నాకూ మధ్య విషయాలు మా ఇంట్లో ఉండనీ.

ఉంటాను.


కళ్ళద్దాల కొట్టు
జూలై 22

బావా,

పెట్టె చేరింది. అవును, మూలలు నలగలేదు. సంతోషమేనా?

వారం రోజులు నీమీద కారాలు మిరియాలు నూరాను. ఇంతలో కంపెనీనుంచి జవాబొచ్చింది. రాసినవాడెవరోగాని మహా ఓపికస్తుడు. నా మూడు ఉత్తరాలూ చదివినట్టున్నాడు, తిట్లతో సహా. పాట రికార్డు చేసిన రోజు స్టూడియోలో రాసుకున్న కాగితం నకలు పంపాడు. దాంట్లో ఆ అరుపు ఒక్కసారే ఉంది. “మేము ఏదీ కత్తిరించలేదండీ, ఆ పాట మొదటినుంచీ ఇంతే” అని రాశాడు. నేను నమ్మలేదు. మన పాత రికార్డు అటకమీంచి దింపి, అద్దాలమీద గీతలు చూసే భూతద్దం పెట్టి చూశాను.

గీత ఉంది బావా. వెంట్రుకంత గీత. సరిగ్గా ఆ అరుపు దగ్గరే. ముల్లు దానికి తగిలి రెండుసార్లు వెనక్కి దూకి, మూడోసారి దాటుతోంది. నీకు క్యాసెట్టు చేసిచ్చింది ఆ రికార్డునుంచే. గీత కూడా దాంట్లోకి ఎక్కింది. ముప్పై ఏళ్ళుగా మనిద్దరం కోపమనీ బతిమాలడమనీ అర్థాలు తీసింది ఒక గీతకి. మైదానంలో వాళ్ళ కచేరీకి వెళ్ళినప్పుడు ఆ పాట దగ్గర మనమిద్దరమే మూడుసార్లు అరిచాం. చుట్టూ జనమంతా వెనక్కి తిరిగి చూశారు. “వీళ్ళకి పాటే రాదు, వచ్చేశారు” అని వాళ్ళని చూసి నవ్వుకున్నాం కదా! తలుచుకుంటే ఇప్పుడు కొట్లో ఒక్కడినే కూర్చుని తలకొట్టుకుంటున్నాను. ఆ కంపెనీ ఆయనకి క్షమాపణ రాయాలి, ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. మూడు అరుపులున్నది ఈ లోకంలో రెండేచోట్ల. నా రికార్డులో, నీ క్యాసెట్టులో. నువ్వు పెట్టెలోది పెట్టుకుని మూడు విన్నానన్నావు.

నా కొట్లో గోడకి అక్షరాల బోర్డు ఉంటుంది. కళ్ళు పూర్తిగా మందగించినవాళ్ళు కొందరు వస్తారు. ఆఖరి వరస చదవమంటే గడగడా చదివేస్తారు. ముందు మురిసిపోయేవాణ్ణి. తరవాత తెలిసింది, కుర్చీలో కూర్చునే ముందు దగ్గర్నుంచి చూసి బట్టీ పట్టేస్తారని. ఒకాయన నేను బోర్డు మార్చిన విషయం కూడా తెలియక పాతదే చదివాడు. చెబితే ఆయనకి కోపమొచ్చింది.

నువ్వు రాసిన ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఫోనెందుకెత్తవో, స్పీకరుకి చెవి ఎందుకు అంటిస్తావో, చెల్లి పిలిస్తే ఎందుకు పలకవో అన్నీ వరసగా పేర్చుకున్నాను. డొంకతిరుగుడు లేకుండా అడుగుతున్నాను, తిట్టను.

నీకు వినిపించడం లేదా?

నీ బావ


కాగితాల గోదాము
ఆగస్టు 6

బావా,

నీ ఉత్తరం పదిరోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

అవును. ఎడమ చెవి పోయి ఎనిమిదేళ్ళయింది. కుడిది ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది, ఇప్పుడు ఆఖరి మెట్టుమీద ఉంది. ముప్పై ఏళ్ళు మెషిన్ల మధ్య నిలబడ్డాను, చెవుల్లో దూది పెట్టుకోమంటే నామోషీ అనుకున్నాను. మెషిను చప్పుడు వింటేనే ఎక్కడ కాగితం ఇరుక్కుందో చెప్పేవాణ్ణని నీకు తెలుసుగా. ఆ గొప్ప ఇలా తీరింది.

పైన గోదాము అని రాశాను చూశావా? వసంతంనుంచీ ఇక్కడే. కాగితం కోసే మెషిను దగ్గర బైండింగు ఆవిడ చొక్కా చెయ్యి కత్తి కింద ఇరుక్కుంది. “ఆపండి, ఆపండి” అని అరిచిందట. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను, మీట నా చేతిలోనే ఉంది. నాకేమీ తెలియలేదు. ఎవరో పరిగెత్తుకొచ్చి నన్ను పక్కకి నెట్టి ఆపారు. ఆవిడకి ఏమీ కాలేదు, చొక్కా చిరిగింది అంతే. యజమాని నన్ను గోదాములోకి మార్చాడు. ఇంట్లో ఇంకా మెషినుమీదే ఉన్నానని చెబుతున్నాను, నీకూ అలాగే రాశాను.

ఎలా నెట్టుకొస్తున్నావంటావేమో. పెదాలు చూస్తాను. అందరూ నవ్వితే నవ్వుతాను. తెలియనిచోట ‘సరే’ అంటాను. సరే అంటే సగం గండాలు గడిచిపోతాయి. ఒకసారి అలాగే అన్నందుకు ఇంటికి ఆకుపచ్చ సోఫా వచ్చింది. మీ చెల్లెలు వెనకనుంచి పిలిస్తే తెలియదు. తెలిసేసరికి ఆమె మొహం మాడ్చుకుని ఉంటుంది. అప్పుడు ఏమన్నావని అడిగితే బయటపడిపోతానని ఊరుకుంటాను.

చెవిలో పెట్టుకునే మిషన్లు దొంగచాటుగా రెండు వాడి చూశాను, లాభం లేదు. డాక్టరు ఆపరేషన్ అంటున్నాడు. చెవి లోపలికి తీగ పంపి, బయట చిన్న యంత్రం తగిలిస్తారు. ఎడమది నరంతో సహా పనికిరాకుండా పోయింది కాబట్టి కుడివైపే చేయాలి. మాటలు అర్థమవుతాయట, నెలల తరబడి సాధన చేయాలట. “మరి పాటలు?” అని కాగితంమీద రాసి చూపించాను. ఆయన దాని కిందే, “వాటికి హామీ ఇవ్వలేను” అని రాశాడు. ఇప్పుడు మిగిలిన కాస్తా ఆపరేషన్‌తో పోతుందని కూడా రాశాడు.

ఆ కాస్త ఏమిటో చెబుతాను. స్పీకరు చెక్కకి చెంప ఆనిస్తే డ్రమ్ములు దవడలోంచి వస్తాయి. గిటారు నీడలా తెలుస్తుంది. మిగతాది నేనే నింపుకుంటాను. నీకు అబద్ధం రాయలేదు బావా. ఆ అరుపు నాకు మూడుసార్లే వినిపించింది. ఒట్టు.

అందుకే ఆపరేషన్ వద్దన్నాను. ఇంకే సుఖమూ అడగలేదు నేను, ఈ ఒక్కటీ ఉంచుకుంటాను. మీ చెల్లెలికి తెలిస్తే రేపే చేయించేస్తుంది. నువ్వు చెప్పకు. నీకు పుణ్యముంటుంది.

బావ


కళ్ళద్దాల కొట్టు
ఆగస్టు 13

బావా,

నీ ఉత్తరం చదివి, అద్దాలు అరగదీసే మిషను ఆపేసి కూర్చున్నాను. కళ్ళజోడు కోసం వచ్చిన పెద్దాయన ఒంట్లో బాగాలేదా అని అడిగి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

తరవాత కోపమొచ్చింది. తిట్టనన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎనిమిదేళ్ళు! వచ్చినప్పుడల్లా గంటలకొద్దీ నీకు పాటల గురించి వాగాను. నువ్వు తల ఊపావు, సరే అన్నావు, ఆహా అన్నావు. వాటిలో ఎన్ని సోఫాలున్నాయో! నా కళ్ళముందు కూర్చున్న మనిషికి వినిపించడం లేదని కనిపెట్టలేని నేను, పొద్దున్నుంచి సాయంత్రందాకా ఊళ్ళోవాళ్ళ కళ్ళు పరీక్ష చేస్తాను. నా మొహానికి ఒక కొట్టు.

నిజం చెబుతాను. మొదటి రోజు నేను నీ పక్షమే. ఆపరేషన్ వద్దు, ఎవరికీ చెప్పను అని సగం ఉత్తరం రాశాను కూడా. నీమీద జాలితో కాదు. నువ్వు ఆ పాటలు వదిలేస్తే గొళ్ళెం గురించి మాట్లాడటానికి నాకు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. మా ఆవిడ వినదు, మా అబ్బాయి నవ్వుతాడు. ఊపిరి తీసేశారని చెబితే అదెంత ఘోరమో అర్థమయ్యేది నీ ఒక్కడికే. ఆ స్వార్థంతో రాశాను. చదువుకుని సిగ్గేసి చించేశాను.

ఆ అయిదు రికార్డులూ నీకు బట్టీ వచ్చు. లేని అరుపులతో సహా వచ్చు. స్పీకరు ఆపేసినా నీ తలలో మోగుతూనే ఉంటాయి, దానికి చెవితో పనిలేదని నువ్వే రుజువు చేశావు. మా చెల్లి రేపేం మాట్లాడుతుందో నీకు బట్టీ వచ్చా? ఎల్లుండి ఏం అడుగుతుందో? దాన్ని తలలోంచి నింపుకోలేవు బావా. అది కొత్తగా మాట్లాడితేనే వినాలి.

పైగా తనమీద నీకు కోపమొచ్చిందేమోనని అది, దాని మొహం మాడిందని నువ్వు, ఇలా ఎన్నాళ్ళు? బైండింగు ఆవిడ సంగతి ఉండనే ఉంది.

పుణ్యం నాకక్కర్లేదు. పదిహేను రోజులు గడువిస్తున్నాను. ఈలోగా నువ్వే చెప్పు. నీ నోటితో చెబితే నీ గౌరవం నీకు దక్కుతుంది. పదహారో రోజు నేను ఫోన్ చేస్తాను. ఎత్తేది అదేగా.

నీ బావ


ఇంట్లోంచి
ఆగస్టు 26

అన్నయ్యా,

ఈయన చెప్పారు. నోటితో కాదు. నీ ఉత్తరాల కట్ట, తను రాసినవాటి చిత్తు కాగితాలూ తెచ్చి నా ఒళ్ళో పడేసి, వెళ్ళి బాత్‌రూములో తలుపేసుకున్నారు. అన్నీ చదివేదాకా రాలేదు.

చదివాను. గొళ్ళెం పేరెత్తితే నాకు ఒళ్ళుమంటని రాశావే, అది మాత్రం నిజం. ఇప్పుడింకా మండుతోంది.

నేనేం తప్పు చేశానా అని ఆరేళ్ళు వెతుక్కున్నాను. వంట నచ్చడం లేదా, నేను నచ్చడం లేదా, ఇంకెవరైనా ఉన్నారా అని కూడా అనుకున్నాను. పిలిస్తే పలకని మనిషిని ఎన్నిసార్లని పిలుస్తాం? పిలవడం మానేశాను. ఆ సోఫా గురించి మూడు రోజులు నచ్చజెప్పి ఒప్పించాననుకుని మురిసిపోయాను. అదీ వినకుండా అన్న సరేనట.

మగాళ్ళిద్దరూ కలిసి ఒక అరుపు గురించి ఇన్ని కాగితాలు ఖర్చుపెట్టారు. నాకు ఒక్క ముక్క రాయడానికి మీ ఇద్దరిలో ఎవరికీ కాగితం దొరకలేదా?

ఆపరేషన్‌కి వచ్చే నెల తేదీ తీసుకున్నాను. సరే అన్నారు. ఈసారి కాగితంమీద రాసి చూపించి, రెండుసార్లు చదివించి, సంతకం పెట్టించుకున్నాను.

చెల్లి


ఇల్లు
డిసెంబరు 9

బావా,

ఆపరేషన్ అయి నెలలు గడిచాయి, యంత్రం తగిలించి ఏడు వారాలయింది. ఇన్నాళ్ళూ రాయలేదని తిడుతుంటావు. తిట్టు.

మొదటి రోజు డాక్టరు మాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. మీ చెల్లెలు మాట్లాడినా అంతే, ఎవరు ఎవరో తెలియలేదు. రోజూ రెండు గంటలు సాధన చేశాను. ఒకటి, రెండు, కిటికీ, గిన్నె, చొక్కా. ఒకటో తరగతి పిల్లాడిలా. నాలుగో వారానికి మాటలు విడివడ్డాయి. ఇప్పుడు ఎదురుగా కూర్చుంటే దాదాపు అంతా తెలుస్తుంది.

నువ్వు అడక్కముందే చెబుతున్నాను. పాత క్యాసెట్టు పెట్టాను. గిన్నెల అలమర మెట్లమీంచి దొర్లినట్టుంది. ఏ పాటో కూడా పోల్చుకోలేకపోయాను. రెండు వైపులా పూర్తిగా విన్నాను, ఎక్కడైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఏడ్చాను, రాయడానికి నాకేం సిగ్గు లేదు. తలలో మోగుతూనే ఉంటాయన్నావు. మోగుతున్నాయి. కాని మునుపటిలా కాదు.

అయినా అది పెద్ద సంగతి కాదు. ఇంకోటుంది.

ఇల్లంతా నిశ్శబ్దం బావా. యంత్రం పాడైందనుకున్నాను మొదట. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను, బాగానే ఉందన్నాడు. మీ చెల్లెలు మాట్లాడదు. కోపంతో కాదు, నన్ను బాగానే చూసుకుంటోంది. టీ తెచ్చి బల్లమీద రెండుసార్లు తడుతుంది. భోజనానికి భుజం తడుతుంది. బయటికెళుతుంటే తాళంచెవి చూపిస్తుంది. ఈ ఆరేళ్ళలో నాతో మాట లేకుండా ఇల్లు నడపడం నేర్చేసుకుంది. ఆ అలవాటు పోవడం లేదు.

ఉండబట్టలేక, “మాట్లాడవేం? ఇప్పుడు వినిపిస్తోంది కదా” అన్నాను. నన్ను అలాగే చూసి, “ఏం మాట్లాడాలి?” అంది. దెప్పిపొడవడానికి కాదు, నిజంగానే అడిగింది. ఇద్దరం ఆ ఆకుపచ్చ సోఫామీద కాసేపు కూర్చున్నాం. “ఇవాళ చలిగా ఉంది” అంది. “అవును” అన్నాను. అంతే.

నిన్న మధ్యాహ్నం నువ్వు ఫోన్ చేశావు. వంటింట్లో ఎత్తింది. బావా, అరగంట తిట్టింది నిన్ను. ఆ పెట్టె నాకెందుకు పంపావని, మళ్ళీ ఎందుకు తీసుకున్నావని, కంపెనీ వాళ్ళకి క్షమాపణ ఇంకా రాయలేదని, షుగరు మాత్రలు వేళకి వేసుకోవడం లేదని, చిన్నప్పుడు తన గొడుగు పోగొట్టి ఇంకా కొనివ్వలేదని. మధ్యలో నవ్వింది కూడా. నేను గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. ప్రతి మాటా అర్థమైంది. ఆ గొంతు ఇంకా రేకులాగే ఉంది, అయినా ఆమెదేనని నాకు తెలిసింది. ఇటు తిరిగి నన్ను చూసింది. వెంటనే గొంతు తగ్గించి, ‘ఉంటాను’ అని పెట్టేసి, నాకు టీ కావాలా అని చేత్తో అడిగింది.

నువ్వు రా. ఒక వారం ఉండు, పది రోజులు ఉండు. రికార్డులు తెచ్చుకో, ఎంత గట్టిగా పెట్టుకుంటావో పెట్టుకో, చెప్పులు ఎక్కడపడితే అక్కడ విడువు, తడి తువ్వాలు సోఫామీద వెయ్యి. ఆమె నిన్ను తిట్టకుండా ఉండలేదు. నేను పక్కగదిలో కూర్చుంటాను, మీ మధ్యకి రాను.

తీరిక లేదని రాయకు. కొట్టు మూసేసి రా.

బావ